మక్కలకు ధర కట్టే ముందు గింజ విప్పి చూడండి

మార్కెట్ యార్డులో మక్కల రాశి ముందు నిలబడ్డ రైతును అడిగేది ఒకటే మాట: తేమ ఎంత? గుప్పెడు గింజలు మీటరులో పోస్తారు. 14 శాతం లోపు చూపిస్తే రాశి కాంటా ఎక్కుతుంది. 16, 17 చూపిస్తే ఆరబెట్టుకుని రమ్మంటారు, లేదా ధర కోస్తారు. తాలు, పుచ్చు, మట్టి ఎంతున్నాయో చేత్తో కలియబెట్టి చూస్తారు. గింజ పరీక్ష అంతటితో అయిపోతుంది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 2,400 రూపాయలు. గింజ గట్టిదైనా మెత్తదైనా, అందులో నూనె మూడు శాతమున్నా ఐదు శాతమున్నా ఆ ధరలో తేడా లేదు.

ఇది సరికాదు. మొక్కజొన్న గింజలో ఒకే పొట్టు కింద వేరువేరు సరుకులున్నాయి. వాటి వాడకం వేరు, వాటి విలువ వేరు, చెడిపోయే తీరు కూడా వేరే. వాటిని విడగొట్టి తూచి, దేనిలో ఏముందో చెప్పే పరీక్ష ఒకటుంది. దానికి ఒక కిలో గింజ, ఒక చిన్న గది, పని తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. ఆ పరీక్ష ఫలితం విత్తన సంచి మీదికి, మార్కెట్ యార్డులోకి, దుకాణంలో అమ్మే రవ్వ పొట్లం మీదికి రావాలి. నేను అడుగుతున్నది ఇదే.

నేను జగిత్యాల దిక్కు మక్కలు పండించే ఇంట్లో పుట్టాను. ఉద్యోగ కాలమంతా హైదరాబాద్‌లో ధాన్యాలు పరీక్షించే ల్యాబ్‌లో గడిచింది. గింజలను మరపట్టడం, జల్లించడం, తూచడం, వచ్చిన ప్రతి భాగంలో నూనె ఎంత, మాంసకృత్తులు ఎంత, పిండిపదార్థం ఎంత అని లెక్కగట్టడం నా పని. రిటైరయ్యాక ఊరికి పోయినప్పుడల్లా రైతులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఆ ల్యాబ్ రిజిస్టర్లలోనే ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఆ జవాబులు అక్కడినుంచి రైతు దాకా రావడం లేదు.

గింజ లోపల ఏముందో ఎవరైనా ఇంట్లోనే చూడొచ్చు. నాలుగు మక్కలు రాత్రి నానబెట్టి, పొద్దున బ్లేడుతో నిలువునా కోయండి. పైన పలుచని పొర, అదే పొట్టు. గింజ బరువులో అది 5 శాతం ఉంటుంది. కంకికి అంటుకుని ఉండే కొస మరో ఒక శాతం. ఒక పక్కన కొద్దిగా పసుపుగా, మెత్తగా, వేలితో నొక్కితే విడివడి వచ్చేది మొలక భాగం. అది 11 శాతం. మిగిలిన 82, 83 శాతమంతా పిండి భాగం. బడి పుస్తకాల్లో అంకురచ్ఛదం అని చదివింది దాన్నే. ఆ పిండి భాగంలోనూ రెండు రకాలున్నాయి. అంచుల్లో వెలుతురు సోకే గట్టి భాగం, నడుమ తెల్లని మెత్తటి భాగం. ఏ రకంలో ఏది ఎక్కువ అన్నదాని మీదే ఆ రకం మరలో ఎట్లా నడుచుకుంటుందో ఆధారపడి ఉంటుంది.

నూనెలో ఐదింట నాలుగు వంతులకు పైగా మొలకలోనే ఉంది. ఖనిజాల్లో ముప్పావు వంతు కూడా అక్కడే. పిండిపదార్థం దాదాపు మొత్తం పిండి భాగంలో ఉంది. మాంసకృత్తులు తూకంలో పిండి భాగంలోనే ఎక్కువ. కానీ వాటిలో పెద్ద వాటా జీయిన్ అనే రకం; దానిలో ఒంటికి తప్పనిసరైన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు దాదాపు ఉండవు. మనిషి ఒంటికి బాగా పనికొచ్చే మాంసకృత్తులు మొలకలో ఉన్నాయి. క్వింటాల్ మక్కలు అమ్మిన రైతు పది కిలోలకు పైగా మొలకను, దానిలో మూడు కిలోలకు పైగా నూనెను కూడా అమ్మాడన్నమాట. ఆ సంగతి కాంటా చిట్టీలో ఎక్కడా రాయరు.

ఇక పరీక్ష సంగతి. స్టార్చ్ ఫ్యాక్టరీలు గింజను గంటల తరబడి గంధకపు నీళ్లలో నానబెట్టి తడి పద్ధతిలో విడగొడతాయి. నేను చెప్పేది పొడి పద్ధతి. పొడి అన్నా నీళ్లు లేకుండా కాదు. కొలిచి పోసే నీళ్లే దీనికి ప్రాణం. ముందు గింజను జల్లెడ పట్టి నూకలూ చెత్తా తీసేస్తాం. పిడికెడు గింజలను 103 డిగ్రీల వేడిలో 72 గంటలుంచి, తగ్గిన బరువును బట్టి అసలు తేమ తేలుస్తాం. మార్కెట్ మీటరు చెప్పేది అంచనా, ఇది లెక్క. 13 శాతం తేమ ఉన్న కిలో గింజను 22 శాతానికి తేవాలంటే 115 గ్రాముల నీళ్లు పోయాలి. మూత బిగించి డబ్బాను కొద్దిసేపు తిప్పుతూ ఉంటాం.

ఆ కొద్దిసేపట్లో గింజలో జరిగేది నన్ను ఈ పనికి కట్టిపడేసింది. నీళ్లు ముందుగా కొస దగ్గరినుంచి లోపలికి పోతాయి. మొలక వాటిని గబగబా పీల్చుకుని ఉబ్బి, సాగే గుణం తెచ్చుకుంటుంది. పొట్టు వదులవుతుంది. గట్టి పిండి భాగానికి మాత్రం నీళ్లు ఇంకా చేరవు, అది పెళుసుగానే ఉంటుంది. సరిగ్గా ఆ అదనులో గింజను మొలక తీసే యంత్రంలో వేయాలి. ముందే వేస్తే మొలక నలిగి పిండిలో కలిసిపోతుంది, ఆలస్యమైతే పిండి భాగం కూడా మెత్తబడి రవ్వ రాదు. ఒకే రకమైనా, ఆరబెట్టిన తీరు మారితే ఆ అదను మారుతుంది.

మా చిన్నమ్మ గటక కోసం మక్కలు దంచేటప్పుడు చేసింది ఇదే. రోట్లో పోయకముందు నీళ్లు చిలకరించి మూత పెట్టేది. "ఎందుకు చిన్నమ్మా?" అని అడిగితే, "తడి పట్టకుంటే పొట్టు ఊడది బిడ్డా. ఎక్కువ నానితే ముద్దయితది. ఓ గడియ ఆగాలె, అంతే" అనేది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం పియోరియా పట్టణంలో ఉన్న వ్యవసాయ శాఖ పరిశోధనశాలలో ఎన్నో ఏళ్లు కొలిచింది కూడా ఆ గడియనే: ఎంత తేమ, ఎంతసేపు, ఎన్నిసార్లుగా పోయాలి అని. అదే రాష్ట్రపు విశ్వవిద్యాలయం వాళ్లు కిలో గింజతో, ఒక్కసారే నీళ్లు పట్టించి ముగించే పద్ధతిని ల్యాబ్‌కు తగ్గట్టు తయారు చేశారు. పొట్టు తీయడానికి చిన్నమ్మ దగ్గర చేట ఉండేది, వాళ్ల దగ్గర గాలి గొట్టం.

యంత్రం లోపల తిరిగే దిమ్మెకూ చిల్లుల తొట్టికీ మధ్య గింజ రాపిడి పడి పగులుతుంది. వచ్చినదాన్ని కొంచెం ఆరబెట్టి రోలర్ల మధ్యకు పంపితే పిండి భాగం ముక్కలవుతుంది, సాగే గుణమున్న మొలక అప్పడమై నలుగుతుంది. జల్లెడ వేస్తే వెడల్పైన మొలక పైన నిలుస్తుంది, రవ్వ కిందికి దిగుతుంది. గాలి పొట్టును లాగేసుకుంటుంది. చివరికి బల్ల మీద గిన్నెలు వరుసగా ఉంటాయి: పెద్ద రవ్వ, చిన్న రవ్వ, బరక పిండి, మెత్తటి పిండి, మొలక, పొట్టు. అన్నీ కలిపి తూస్తే మొదట పోసిన బరువుకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో ఒలికినట్టే, మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఇప్పుడు ఒక్కో గిన్నెలో ఏముందో చూస్తాం. పెద్ద రవ్వలో నూనె ఒక శాతం లోపు ఉంటే మొలక తీసే పని బాగా జరిగినట్టు. కార్న్‌ఫ్లేక్స్‌కు కావాల్సింది ఇదే. ఒక పెద్ద రవ్వ ముక్క ఉడికి, ఆరి, రోలర్ల కింద నలిగి, కాలితే ఒక ఫ్లేక్ అవుతుంది. మెత్తటి పిండిలో నూనె అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే నలిగిన మొలక తునకలు అందులోకి జారతాయి. మొలక గిన్నెలో నూనె ఎంతుందో చూస్తే విడగొట్టడం ఎంత శుభ్రంగా జరిగిందో తెలుస్తుంది. కత్తితో జాగ్రత్తగా తీసిన మొలకలో మూడో వంతు నూనె ఉంటే, మరలో వచ్చిన మొలకలో ఐదో వంతో నాలుగో వంతో ఉంటుంది. పిండి ముక్కలు దానికి అంటుకుని వస్తాయి కాబట్టి ఆ తేడా. గింజను విరగ్గొట్టకుండా కాంతితో నిమిషంలో మాంసకృత్తులు, నూనె చెప్పే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. అవీ కావాలి. కానీ అవి గింజలో ఏముందో చెబుతాయి, మరలో వేస్తే చేతికి ఏది వస్తుందో చెప్పవు.

చేతికి వచ్చేదే రైతుకు ముఖ్యం. ఒక ఉదాహరణ ఆరబెట్టడం. తడి గింజను బాగా వేడి గాలితో త్వరత్వరగా ఆరబెడితే పిండి భాగంలో కంటికి కనబడని పగుళ్లు పడతాయి. తేమ మీటరుకు అది మంచి గింజే. మరలో మాత్రం పొడి పొడి అవుతుంది, పెద్ద రవ్వ తగ్గిపోతుంది. కల్లంలో పలుచగా పరిచి, తిరగేస్తూ నిదానంగా ఎండబెట్టిన గింజలో ఈ పగుళ్లు తక్కువ. యాసంగిలో, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోసిన మాగాణిలో దున్నకుండా వేసే మక్కలో, కోత నాటికి ఎండలు ముదురుతాయి. అంత ఎండలో నెమ్మదిగా ఆరిన గట్టి గింజ రవ్వ మిల్లులకు తగిన సరుకు. ఆ గుణానికి మన రైతులకు ఒక్క రూపాయి అదనంగా రావడం లేదు, ఎందుకంటే దాన్ని కొలిచేవాళ్లే యార్డులో లేరు.

కొలవకపోతే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద పాఠముంది. 1964లో అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఓపేక్-2 అనే జన్యువున్న మక్కల్లో లైసిన్ ఎంతో ఎక్కువగా ఉందని కనుగొన్నారు. పేదల తిండి మారిపోతుందని ప్రపంచం సంబరపడింది. మన దేశంలోనూ అలాంటి రకాలు విడుదలయ్యాయి. కానీ ఆ గింజ మెత్తన. తూకం తక్కువ, పురుగుకు లొంగుతుంది, మరలో వేస్తే రవ్వ రాదు, అంతా పిండే. రైతు వద్దన్నాడు, మిల్లూ వద్దంది. మెక్సికోలోని అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన కేంద్రంలో మన దేశపు శాస్త్రవేత్త సురీందర్ వాసల్, ఆయన సహోద్యోగి ఎవాంజెలీనా విల్లేగాస్ ఆ పోషకం పోకుండా గింజను మళ్లీ గట్టిపరచడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. 2000లో వాళ్లిద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. పోషక పరీక్షతో పాటు మర పరీక్ష కూడా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఆ కథే కారణం.

ఏ భాగంలో ఏముందో కొలవడానికి ఇంకో కారణం బూజు విషం. ఆ మాట నిదానంగా చెప్పాలి. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో బూజు పట్టిన మక్కలు తిన్న గిరిజనులకు కాలేయం దెబ్బతింది, వందమందికి పైగా చనిపోయారు. అది అఫ్లాటాక్సిన్ వల్లేనని తేల్చినవాళ్లలో మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు. 1995లో దక్కన్ ఊళ్లలో అకాల వర్షానికి తడిసిన జొన్నలు, మక్కలు తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటే, అందులో ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం పాత్రను బయటపెట్టిందీ ఆ సంస్థే. వానకాలం మక్క సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కోతకు వస్తుంది. రోడ్డు మీద ఆరబోసిన రాశి మీద టార్పాలిన్ కప్పుకుని రైతులు కాపలా కాస్తుంటారు. ఆ గింజకు ఈ ముప్పు ఎప్పుడూ ఉంది.

పొడి పద్ధతిలో మరపడితే అఫ్లాటాక్సిన్‌లో సింహభాగం మొలకలోకి, పొట్టులోకి, మొదటి విడతలో రాలే పొడిలోకి పోతుంది. పెద్ద రవ్వలో మిగిలేది చాలా తక్కువ. అంటే రవ్వ తినేవాళ్లకు కొంత రక్షణ ఉంది. కానీ ఆ మొలక చెక్కా పొట్టూ దాణాలోకి పోతే? ఏ భాగంలో ఎంతుందో పరీక్షించకుండా ఏ భాగాన్నీ మంచిదనో చెడ్డదనో అనలేం. మొలక పోషకాల గని, తడిసిన ఏడాది అదే విషానికి నెలవు. రెండూ నిజమే.

ఇథనాల్ విషయంలో ఈ దాణా ప్రశ్న ఇంకా పెద్దదవుతోంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం కోసం మక్కలు పెద్ద ఎత్తున డిస్టిలరీలకు పోతున్నాయి. 2024 జనవరిలో మక్కల ఇథనాల్ ధరను లీటరుకు 71 రూపాయల 86 పైసలకు పెంచారు. ధర పెరిగి రైతుకు గిరాకీ వచ్చింది, అది మంచిదే. ఆ ఫ్యాక్టరీల్లో గింజను విడగొట్టరు. మొత్తం పొడిచేసి, ఉడికించి, పులియబెడతారు. పులిసేది పిండిపదార్థమొక్కటే. క్వింటాల్‌కు 38 లీటర్ల దాకా ఇథనాల్, 30 కిలోల దాకా డీడీజీఎస్ అనే దాణా వస్తాయి. మొలక, పొట్టు, నూనె ఏ పనీ చేయకుండా ఆ తొట్టెలన్నీ దాటుకుని దాణాలో తేలతాయి. పిండిపదార్థం మాయమైంది కాబట్టి గింజలో ఉన్న బూజు విషం ఆ దాణాలో మూడింతలు చిక్కబడుతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో, కోళ్ల ఫారాలు విస్తరించిన తెలంగాణలో ఆ దాణా ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందే మొలక తీసేస్తే తినే నూనె దక్కుతుంది, పులియబెట్టే తొట్టెలో పిండిపదార్థానికి చోటు పెరుగుతుంది. ప్రజల డబ్బుతో రాయితీలు తీసుకునే ప్రతి కొత్త ఫ్యాక్టరీని మొలక వేరుచేసే ఏర్పాటు పెట్టమని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. అడగాలి.

"కోడి గింజ మొత్తం తింటుంది కదమ్మా, దానికి రవ్వతో ఏం పని?" అని ఒక వ్యాపారి నాతో అన్నాడు. కోడికీ పనుంది. దాణాలో పిండిపదార్థంతో పాటు బలమిచ్చేది మొలక నూనె. గుడ్డులో పచ్చసొనకు రంగు తెచ్చేది గట్టి పిండి భాగంలోని పసుపు పదార్థాలు. మొలకలోని భాస్వరంలో ఎక్కువ భాగం కోడికి అరగని ఫైటేట్ రూపంలో ఉంటుంది కాబట్టే దాణాలో ఎంజైములు కలుపుతున్నారు. దాణా కంపెనీలకు ఇవన్నీ తెలుసు, వాళ్ల ల్యాబ్‌లు వాళ్లకున్నాయి. తెలియనిది అమ్మే రైతుకే.

తినేవాళ్లకూ ఇది తెలియాలి. దుకాణంలో దొరికే మక్క రవ్వ, మక్క పిండి పొట్లాల వెనుక పోషకాల పట్టికలో కొవ్వు అంకె చూడండి. వంద గ్రాములకు ఒక గ్రాము దగ్గర ఉంటే మొలక తీసేసిన సరుకు. నాలుగు గ్రాముల దగ్గర ఉంటే గింజ మొత్తం ఆడించిన పిండి. మొలక తీసిన రవ్వ నెలల తరబడి నిలవుంటుంది. మొలకతో ఆడించిన పిండి కొన్ని వారాల్లోనే చేదెక్కుతుంది, ఊరి గిర్నీలో కొద్దికొద్దిగా ఆడించుకోవడం అందుకే మేలు. రోజూ మక్కే ముఖ్యాహారమైనవాళ్లకు ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. గత శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని చంపింది. ఆ జబ్బు రాకుండా కాపాడే నియాసిన్ అనే విటమిన్ మక్కలో ఉన్నా మామూలుగానే ఒంటికి సరిగా అందదు, ఆ పైన మొలక తీసిన పిండి వాడకం పేదల ఇళ్లలోకి వచ్చింది. అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని నిరూపించడానికి ఏళ్లు పట్టింది. మన పిల్లలకు బడిలోనో అంగన్‌వాడీలోనో మక్కతో చేసిన పదార్థం పెడితే, అది ఏ భాగంతో చేసిందో కాంట్రాక్టు కాగితంలో రాసి ఉండాలి.

ఇందుకు కావాల్సిన సామగ్రి పెద్దదేమీ కాదు. ఓవెన్, తూకం, జల్లెడల వరుస, మొలక తీసే చిన్న యంత్రం, చిన్న రోలర్ మర, గాలితో పొట్టు తీసే గొట్టం. జిల్లాకు ఒక పెద్ద మక్కల యార్డులో ఇవి పెట్టి, ఆహార శాస్త్రం చదివిన ఇద్దరు పిల్లలకు ఉద్యోగమిస్తే చాలు. ప్రతి బస్తానూ పరీక్షించనక్కర్లేదు. సీజను మొదట్లో ఆ చుట్టుపక్కల వేసిన ప్రతి రకానికీ కొన్ని నమూనాలు తీసి, ఫలితం బోర్డు మీద రాస్తే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు రవ్వ మిల్లులతో బేరం ఆడగలుగుతాయి. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సాయం ఇచ్చే పథకాన్ని కేంద్రం తెచ్చింది. ఆ పథకంలో మొలక తీసే యంత్రం పెట్టే గిర్నీ యజమానికి తన ఊరి గింజ ఎంత రవ్వ ఇస్తుందో తెలియకపోతే అప్పు ఇచ్చే బ్యాంకుకు ఏ లెక్క చూపిస్తాడు?

మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, విత్తన కంపెనీలకు నా విన్నపం ఒకటే. విత్తన సంచి మీద మొలకెత్తే శాతం, స్వచ్ఛత, లాట్ నంబరు వేస్తున్నారు. రకం గురించి ఇచ్చే కరపత్రంలో పంట కాలం, దిగుబడి రాస్తున్నారు. దాని కింద మరో నాలుగు అంకెలు వేయండి: కిలో గింజకు పెద్ద రవ్వ ఎంత, మొత్తం రవ్వ ఎంత, మొలక ఎంత, ఆ మొలకలో నూనె ఎంత. రాజేంద్రనగర్ మక్క పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన డీహెచ్ఎం-117 లాంటి మన సొంత రకాలతోనే మొదలుపెట్టండి. వచ్చే వానకాలం విత్తనాలు దుకాణాలకు చేరేలోపు ఈ పని అయ్యేదే. రైతులారా, మీరు కూడా విత్తనం కొనేచోట ఆ నాలుగు అంకెలు అడగండి.